బ్రెస్ట్ పంప్ ముందు కొనేసి, తర్వాత ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: అమెరికాలో టెక్సస్‌లో ఉంటున్నారు, ఇప్పుడు గర్భానికి 30వ వారం నడుస్తోంది. ఇన్సూరెన్స్ మీవారి కంపెనీది. కస్టమర్ సర్వీస్‌కి ఫోన్ చేస్తే ఒకరు "డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా మనం కట్టాల్సిన మొత్తం) పూర్తయ్యాకే" అన్నారు, ఇంకొకరు "చేత్తో నొక్కే మాన్యువల్ పంప్ మాత్రమే ఇస్తాం" అన్నారు. మీ స్నేహితురాలు ఆన్‌లైన్‌లో పంప్ కొని బిల్లు పంపితే ఒక్క డాలరు కూడా వెనక్కి రాలేదు. మీవారేమో "రెండొందల డాలర్ల కోసం ఇంత టెన్షన్ ఎందుకు, కొనేద్దాం" అంటున్నారు. కాన్పయ్యాక మూడు నెలలకే మీరు ఉద్యోగంలో చేరాలి.

సమాధానం ముందే చెప్పేస్తాను. కొనకండి. మీ ప్లాన్ మామూలు ఎంప్లాయర్ ప్లానే అయితే, మీకు డబుల్ ఎలక్ట్రిక్ పంప్, అంటే రెండు వైపులా ఒకేసారి పాలు తీసే కరెంటు పంప్, రావాలి. డిడక్టబుల్ లేదు, కోపే (ప్రతిసారీ మనం కట్టే వాటా) లేదు, చేతి నుంచి ఏమీ పెట్టుకోనక్కర్లేదు. షరతల్లా ఒక్కటే: మీ ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న, మెడికల్ ఎక్విప్‌మెంట్ సప్లయర్ ద్వారా తీసుకోవాలి. ఏ పంప్ అన్నదాని కన్నా ఎవరి దగ్గర తీసుకున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. మీ స్నేహితురాలి క్లెయిమ్ కూడా బహుశా అక్కడే ఆగిపోయి ఉంటుంది.

నేను న్యూజెర్సీలో ఒక మెడికల్ ఎక్విప్‌మెంట్ సప్లయర్ దగ్గర చాలా ఏళ్లుగా ఇన్సూరెన్స్ వెరిఫికేషన్, బిల్లింగ్ పని చేస్తున్నాను. మాకు వచ్చే ఆర్డర్లలో మన తెలుగు అమ్మాయిలవి కూడా చాలా ఉంటాయి. వాళ్లలో సగం మంది సొంత డబ్బుతో ఒక పంప్ కొనేశాక, ఎవరో చెబితే మాకు ఫోన్ చేస్తారు. హక్కుగా రావాల్సింది తెలియక పోగొట్టుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట, ఇది ఎక్కడి నుంచి వచ్చిన హక్కో తెలుసుకుంటే ఫోన్‌లో ధైర్యంగా మాట్లాడగలరు. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్, అంటే జనం ఒబామాకేర్ అనే చట్టం, కొన్ని సేవలను ప్రివెంటివ్ (ముందు జాగ్రత్త) కింద పెట్టి వాటికి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదంది. ఆడవాళ్లకు సంబంధించిన ప్రివెంటివ్ సేవల జాబితాను హెచ్‌ఆర్‌ఎస్‌ఏ అనే ఫెడరల్ సంస్థ తయారుచేస్తుంది. అందులో తల్లిపాలకు సంబంధించిన సలహా, సహాయం, పరికరాలు మూడూ ఉన్నాయి. 2012 ఆగస్టు 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ప్లాన్ ఇయర్ల (ప్లాన్ ఏటా కొత్తగా మొదలయ్యే కాలం) నుంచి ఇది అమల్లో ఉంది.

మొదట్లో "పరికరం" అంటే ఏదన్నది స్పష్టంగా లేకపోవడంతో కొన్ని ప్లాన్లు మాన్యువల్ పంప్ ఇచ్చి చేతులు దులుపుకునేవి. 2021 డిసెంబరులో ఆ మార్గదర్శకాన్ని సవరించారు. 2023 నుంచి మొదలైన ప్లాన్ ఇయర్లకు అది వర్తిస్తుంది. అందులో డబుల్ ఎలక్ట్రిక్ పంప్ అని పేరు పెట్టి మరీ రాశారు. పంప్ విడిభాగాలు, మెయింటెనెన్స్, పాలు నిల్వ చేసుకునే సామాను కూడా చేర్చారు. ముందు మాన్యువల్ వాడి అది పనిచేయలేదని నిరూపిస్తేనే ఎలక్ట్రిక్ ఇస్తామనే పద్ధతి ఉండకూడదని కూడా అందులోనే ఉంది. కాబట్టి "మాన్యువల్ మాత్రమే" అన్న మాటను మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ఇక "డిడక్టబుల్ పూర్తయ్యాకే" అన్న జవాబు. ఇది మేం రోజూ వినే మాటే, దీని వెనక జరిగేది చెబుతాను. మీరు ఫోన్ చేసి "బ్రెస్ట్ పంప్ కవర్ అవుతుందా" అని అడుగుతారు. అవతలి వ్యక్తి తన స్క్రీన్ మీద పంప్ అంటే మెడికల్ పరికరం కదా అని "డ్యూరబుల్ మెడికల్ ఎక్విప్‌మెంట్" అనే పేజీ తెరుస్తారు. అది వీల్‌చైర్లు, నిద్రలో ఊపిరికి వాడే సీప్యాప్ మెషిన్లు, చేతికర్రలు ఉండే పేజీ. అక్కడ డిడక్టబుల్ తర్వాత ఇరవై శాతం మీరు కట్టాలని రాసి ఉంటుంది, వాళ్లు అదే చదివి వినిపిస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, చూడాల్సిన పేజీ చూడడం లేదు, అంతే. పంప్ ఉండేది ప్రివెంటివ్ పేజీలో, ఉమెన్స్ ప్రివెంటివ్ సర్వీసెస్ కింద.

అందుకే ఈసారి ఫోన్ చేసినప్పుడు ఇలా అడగండి: "నా ప్రివెంటివ్ బెనిఫిట్ కింద ఈ0603 కోడ్‌కి కవరేజ్ ఎలా ఉంది?" ఈ0603 అంటే బిల్లింగ్‌లో ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంప్. ఈ0602 మాన్యువల్, ఈ0604 హాస్పిటల్ గ్రేడ్, అంటే హాస్పిటళ్లలో వాడే గట్టి రకం. డయాగ్నసిస్ కోడ్ అడిగితే జెడ్39.1 అని చెప్పండి, అది పాలిచ్చే తల్లి సంరక్షణకు వాడే కోడ్. కోడ్ చెప్పగానే అవతలి వాళ్ల గొంతు మారడం మీకే తెలుస్తుంది. కొనడానికి ఇస్తారా, అద్దెకు ఇస్తారా? కాన్పుకు ఎన్ని రోజుల ముందు పంపుతారు? ప్రిస్క్రిప్షన్ కావాలా? నెట్‌వర్క్‌లో ఉన్న సప్లయర్ల పేర్లు ఏంటి? ఇవన్నీ ఆ కాల్‌లోనే అడిగేయండి. చివర్లో కాల్ రిఫరెన్స్ నంబరు, మాట్లాడిన వ్యక్తి పేరు, తేదీ రాసిపెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే "ఫలానా రోజు మీవాళ్లే ఇలా చెప్పారు" అనడానికి అదే ఆధారం.

అన్ని ప్లాన్లకూ ఇది వర్తించదు, ఆ సంగతి కూడా చెప్పాలి. 2010 మార్చి 23 నాటికే ఉండి, అప్పటి నుంచి పెద్దగా మారకుండా వస్తున్న ప్లాన్లను గ్రాండ్‌ఫాదర్డ్ అంటారు. వాటికి ఈ నియమం లేదు. ఇప్పుడు అలాంటివి బాగా తగ్గిపోయాయి, పైగా ప్లాన్ కాగితాల్లో ఆ మాట స్పష్టంగా రాసి ఉండాలి. షార్ట్ టర్మ్ ప్లాన్లకు కూడా వర్తించదు. చర్చిల తరఫున నడిచే హెల్త్ షేరింగ్ పథకాలు అసలు ఇన్సూరెన్సే కాదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు కొనుక్కునే ట్రావెల్ ఇన్సూరెన్స్, విజిటర్ ఇన్సూరెన్స్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద చదువుకునే అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే, యూనివర్సిటీ ప్లాన్ ఎలాంటిదో స్టూడెంట్ హెల్త్ ఆఫీసులో అడగండి. చాలావరకు యూనివర్సిటీ ప్లాన్లు పంప్ ఇస్తాయి. తక్కువ ప్రీమియం చూసి బయట కొన్న ప్లాన్లతోనే ఇబ్బంది.

మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఉన్నవాళ్లకు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. విక్ (తల్లులకు, పసిపిల్లలకు పోషకాహార సాయం చేసే ప్రభుత్వ పథకం) ఆఫీసుల్లో కూడా అర్హత ఉన్నవాళ్లకు పంప్ దొరకవచ్చు.

మీవారి కంపెనీ సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అయితే, అంటే కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరున్నా డబ్బు పెట్టేది ఆఫీసే అయితే, వాళ్లు "మాది సెల్ఫ్ ఫండెడ్, మాకు స్టేట్ రూల్స్ వర్తించవు" అనొచ్చు. స్టేట్ రూల్స్ వర్తించవు, నిజమే. కానీ ఇది ఫెడరల్ నియమం, సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకూ వర్తిస్తుంది. ఈ తేడా తెలియక ఫోన్ పెట్టేసేవాళ్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు చేయాల్సిన పని. సప్లయర్ పేరు తెలిశాక వాళ్ల వెబ్‌సైట్‌లో మీ పేరు, పుట్టిన తేదీ, డ్యూ డేట్, ఇన్సూరెన్స్ కార్డు రెండు వైపుల ఫోటోలు, మీ డాక్టర్ వివరాలు ఇస్తే చాలు. ఏరోఫ్లో, ఎడ్జ్‌పార్క్, బైరమ్ లాంటి పెద్ద సప్లయర్లు ఈ పనే చేస్తారు. కానీ ఎంత పెద్ద సప్లయరైనా మీ ప్లాన్ నెట్‌వర్క్‌లో లేకపోతే లాభం లేదు, కాబట్టి పేరు చూసి కాదు, ప్లాన్ వాళ్లు చెప్పిన జాబితా చూసి ఎంచుకోండి. ప్రిస్క్రిప్షన్ కోసం మీరు డాక్టర్ చుట్టూ తిరగనక్కర్లేదు. సప్లయరే మీ ఓబీ (కాన్పు డాక్టర్) ఆఫీసుకు ఫ్యాక్స్ పంపి సంతకం తెప్పించుకుంటారు. అయితే ఆ ఫ్యాక్సులు డాక్టర్ ఆఫీసులో కాగితాల కింద పడి ఉండిపోతుంటాయి. తర్వాతి చెకప్‌కు వెళ్లినప్పుడు ఫ్రంట్ డెస్క్‌లో "పంప్ ప్రిస్క్రిప్షన్ వచ్చిందా, పంపారా" అని ఒక్క మాట అడగండి. మా దగ్గర ఆర్డర్లు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఈ ఒక్క చోటే.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, ఇప్పుడే. ఆర్డర్ ముందే తీసుకున్నా, చాలా ప్లాన్లు డ్యూ డేట్‌కు ముప్పై రోజుల ముందు మాత్రమే పంపనిస్తాయి. కొన్ని ఇంకాస్త ముందే ఇస్తాయి, కొన్ని కాన్పు అయ్యాకే అంటాయి. కాగితాల పని ఇప్పుడే అయిపోతే తేదీ రాగానే పెట్టె మీ ఇంటికి వచ్చేస్తుంది. మా అమ్మ తరం వాళ్లు "పాలు పడ్డాక చూసుకోవచ్చులే, ముందే ఇవన్నీ ఎందుకు" అంటారు. ఇంట్లో పెద్దవాళ్ల మాట కాదనలేక ఆగితే, బాలింతగా మంచం మీద ఉండి, ఒళ్లో పసిబిడ్డతో, కస్టమర్ సర్వీస్ హోల్డ్ మ్యూజిక్ వింటూ కూర్చోవాల్సి వస్తుంది. పెట్టె తెరవకుండా అటక మీద పెట్టుకున్నా సరే, ముందే ఇంట్లో ఉండనివ్వండి.

ఇన్సూరెన్స్ మారబోతుంటే మాత్రం తేదీలు జాగ్రత్తగా చూసుకోండి. పంప్ మీకు ఏ తేదీన పంపారో ఆ రోజు ఏ ఇన్సూరెన్స్ ఉంటే బిల్లు దానికే వెళ్తుంది, ఆర్డర్ పెట్టిన తేదీ కాదు. మా దగ్గర ఒక అమ్మాయి పాత కార్డుతో ఆర్డర్ పెట్టింది. పంప్ వెళ్లేలోపు వాళ్లాయన ఉద్యోగం మారాడు. కొత్త కార్డు మాకు పంపలేదు. క్లెయిమ్ తిరిగొచ్చింది, ఆమెకు మొత్తం బిల్లు వెళ్లింది. కొత్త కార్డు తెప్పించి మళ్లీ బిల్ చేశాం కాబట్టి సరిపోయింది. కానీ ఆ కొత్త ప్లాన్‌కు మా సప్లయర్ నెట్‌వర్క్‌లో లేకపోయి ఉంటే చాలా ఇబ్బంది అయ్యేది. జనవరిలో ప్లాన్ మారేవాళ్లు, లేఆఫ్ భయం ఉన్నవాళ్లు కవరేజ్ ఉండగానే తెప్పించుకోవడం మంచిది. ఒకవేళ ఉద్యోగం పోయినా, కోబ్రా, అంటే పాత ఆఫీసు ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించే పద్ధతి, తీసుకోవడానికి అరవై రోజుల గడువు ఉంటుంది, తీసుకుంటే పాత కవరేజ్ ఆగిపోయిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. కాకపోతే ప్రీమియం మొత్తం మనమే కట్టాలి కాబట్టి పంప్ ఒక్కదాని కోసం ఎవరూ తీసుకోరు, కాన్పు ఖర్చు కోసం ఎలాగూ ఆలోచిస్తారు.

మీరు కూడా ఉద్యోగం చేస్తున్నానన్నారు. మీ ఆఫీసు ఇన్సూరెన్స్ కూడా మీకు ఉందా? ఉంటే మీకు అదే మొదటిది, మీవారిది రెండోది. ఒకటి చెప్పి ఇంకొకటి చెప్పకపోతే క్లెయిమ్ మధ్యలో ఆగిపోతుంది. ఇంకో మాట, పంప్ తల్లి ఇన్సూరెన్స్ మీదే వస్తుంది, బిడ్డది కాదు. అందుకే కవలలైనా మామూలుగా ఒక్క పంపే ఇస్తారు.

ఇక ఏ పంప్ తీసుకోవాలనేది. సప్లయర్ సైట్‌లో మీ ప్లాన్ పెట్టగానే కొన్నింటి కింద "పూర్తిగా కవర్ అవుతుంది" అని, కొన్నింటి కింద "అప్‌గ్రేడ్" అని ఒక ధర కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ అంటే ఇన్సూరెన్స్ ఇచ్చేదాని పైన మీరు పెట్టుకునే డబ్బు. బ్యాటరీ ఉన్నందుకో, బట్టల లోపల పెట్టుకునే రకం అయినందుకో అడుగుతారు. ఉదాహరణకు స్పెక్ట్రాలో గులాబీ రంగు ఎస్2 గోడకు ప్లగ్ పెట్టి వాడాలి, నీలం రంగు ఎస్1లో రీఛార్జ్ బ్యాటరీ ఉంటుంది. రెండూ పాలు తీసే తీరు ఒకటే. చాలా ప్లాన్లలో ఎస్2 ఉచితంగా వస్తుంది, ఎస్1కి కొంత కట్టమంటారు. ఆఫీసులో ప్లగ్ దగ్గర్లో ఉండే గదిలో కూర్చుని పంప్ చేసుకునేవాళ్లకు బ్యాటరీ కోసం డబ్బు పెట్టాల్సిన పని లేదని నా అభిప్రాయం.

బ్రాలో పెట్టుకుని తిరిగే వేరబుల్ పంప్‌లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. అయినా ఇన్సూరెన్స్ ఇచ్చే ఆ ఒక్క అవకాశాన్ని వాటి మీద పెట్టొద్దంటాను. పాలు ఇంకా కుదురుకోని మొదటి వారాల్లో గట్టి మోటారున్న మామూలు డబుల్ ఎలక్ట్రిక్ మేలు. తర్వాత కావాలనిపిస్తే వేరబుల్ రెండోదిగా కొనుక్కోవచ్చు. దానికి హెచ్‌ఎస్‌ఏ లేదా ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతాలు) డబ్బు వాడుకోవచ్చు. బ్రెస్ట్ పంప్‌లను వైద్య ఖర్చుగా లెక్కించవచ్చని పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2011లోనే ప్రకటించింది.

పెట్టె వచ్చాక చాలామంది మోటారును చూస్తారు, అసలు చూడాల్సింది గరాటులా ఉండే ప్లాస్టిక్ ముక్కను. దాన్ని ఫ్లాంజ్ అంటారు. రొమ్ముకు ఆనేది అదే. స్పెక్ట్రా పెట్టెలో సాధారణంగా 24, 28 మిల్లీమీటర్ల సైజులు వస్తాయి. మన వాళ్లలో చాలామందికి అంతకంటే చిన్న సైజు సరిపోతుండటం నేను చూశాను. సైజు పెద్దదైతే చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి లాగేసి వాపు వస్తుంది, నొప్పి పుడుతుంది, పాలు సరిగ్గా రావు. అప్పుడు అమ్మాయిలు "నాకు పాలు లేవేమో" అని ఏడుస్తూ ఫోన్ చేస్తారు. పాలు ఉన్నాయి, గరాటే కుదరలేదు. నొప్పి ఉంటే సైజు మార్చి చూడండి. సప్లయర్‌ని అడిగితే వేరే సైజు ముక్కలు, ఇన్సర్టులు విడిభాగాల కింద ఇచ్చే అవకాశం ఉంది.

అక్కవాళ్లదో, స్నేహితులదో వాడిన పంప్ తెచ్చుకుందామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇళ్లకు ఇచ్చే పంప్‌లు ఒక్కరు వాడటానికే తయారుచేసినవి, పంచుకోవద్దని వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ కూడా చెబుతుంది. పసిబట్టలు ఒకరి నుంచి ఒకరికి వెళ్లినట్టు పంప్ వెళ్లకూడదు. కొత్తది ఉచితంగా వస్తున్నప్పుడు ఆ అవసరం కూడా లేదు. అలాగే సీమంతం రిజిస్ట్రీలో, అంటే కానుకల జాబితాలో, పంప్ పెట్టకండి. స్నేహితులు ప్రేమతో కొనిచ్చాక ఇన్సూరెన్స్ నుంచి ఇంకొకటి వస్తే ఏదో ఒకటి మూలన పడుతుంది. వాళ్ల చేత డైపర్లు కొనిపించుకోండి.

బిడ్డ నెలలు నిండకుండా పుట్టి నిక్యూలో (పసికందుల ఐసీయూలో) ఉంటే సంగతి వేరు. తల్లి దగ్గర బిడ్డ ఉండదు, పాలు మాత్రం మొదటి రోజు నుంచీ తీస్తూ ఉండాలి, లేకపోతే తగ్గిపోతాయి. అలాంటప్పుడు మెడెలా సింఫనీ లాంటి హాస్పిటల్ గ్రేడ్ పంప్ కావాలి, దాన్ని అద్దెకు ఇస్తారు. ఈ0604 కోడ్ అదే. దీనికి చాలా ప్లాన్లు ముందస్తు అనుమతి అడుగుతాయి, డాక్టర్ లెటర్‌లో బిడ్డ నిక్యూలో ఉన్నట్టు రాసి ఉండాలి. ఎడిసన్‌లో ఉండే ఒక తెలుగు తల్లికి ఇలాగే అవసరం పడింది. మామూలు పంప్ అప్పటికే వచ్చేసింది కాబట్టి ఇంకోటి ఇవ్వడం కుదరదని ప్లాన్ వాళ్లు అన్నారు. హాస్పిటల్‌లోని లాక్టేషన్ (పాలిచ్చే తల్లులకు సాయపడే) నర్సు వైద్య కారణం వివరంగా రాసి పంపాక అద్దెకు ఒప్పుకున్నారు. హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ అయ్యేలోపే ఆ లెటర్ అడిగి తీసుకోండి. ఇంటికొచ్చాక అదే లెటర్ కోసం వారాలు పడుతుంది.

ఇదే చట్టంలో ఇంకో హక్కు ఉంది, దాన్ని మనవాళ్లు అస్సలు వాడుకోరు: లాక్టేషన్ కౌన్సెలింగ్. పాలివ్వడం నేర్పే, ఇబ్బందులు చూసే శిక్షణ పొందినవాళ్ల సహాయం కూడా ఖర్చు లేకుండా అందాలి. హాస్పిటల్‌లో ఉన్న రెండు రోజులకే పరిమితం చేయకూడదు. 2015 అక్టోబరులో ప్రభుత్వ శాఖలు ఇచ్చిన వివరణలో ఇది స్పష్టంగా ఉంది. నెట్‌వర్క్‌లో అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే బయటివాళ్ల దగ్గరకు వెళ్లినా ప్లాన్ డబ్బు కట్టాలని కూడా అందులోనే ఉంది. ఇండియా నుంచి అమ్మో అత్తగారో వచ్చి ఉంటారు కదా అని చాలామంది ఊరుకుంటారు. వాళ్ల అనుభవం విలువైనదే, వాళ్లు పెట్టే పథ్యం, చేసే సేవ ఎవరూ చేయలేరు. కానీ బిడ్డ సరిగ్గా పట్టుకోకపోవడం, పాలు గడ్డకట్టి జ్వరం రావడం లాంటివి వచ్చినప్పుడు "పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టేద్దాం" అనే ముందు ఒకసారి ఆ సలహా తీసుకోండి. పంప్ ఎలా వాడాలో, ఫ్లాంజ్ సైజు ఏదో కూడా వాళ్లే దగ్గరుండి చూపిస్తారు.

అదే 2015 వివరణలో ఇంకో సంగతి ఉంది. "కాన్పయి ఇన్ని నెలలు దాటింది కాబట్టి పంప్ ఇవ్వం" అని ప్లాన్ గడువు పెట్టకూడదు. మీరు అదే ప్లాన్‌లో కొనసాగుతూ పాలిస్తున్నంత కాలం ఆ హక్కు ఉంటుంది. ఇండియాలో కాన్పు చేసుకుని, ఐదారు నెలల బిడ్డతో తిరిగొచ్చిన అమ్మాయిలు "ఇక ఆలస్యమైపోయింది" అనుకుంటారు. ఆలస్యం కాలేదు, ఇప్పటికీ అడగొచ్చు. తర్వాతి కాన్పుకు కూడా చాలా ప్లాన్లు మళ్లీ కొత్త పంప్ ఇస్తాయి.

విడిభాగాల సంగతి త్వరగా చెప్పేస్తాను. వాల్వులు, మెంబ్రేన్లు లాంటి మెత్తటి ముక్కలు వాడేకొద్దీ సాగిపోయి పీల్చే బలం తగ్గుతుంది. మోటారు పాడైందనుకుంటారు, నిజానికి వాల్వ్ మార్చితే చాలు. సప్లయర్ దగ్గర రీసప్లై అడిగితే ఇన్సూరెన్స్ మీదే వస్తాయి. పాలు దాచే బ్యాగులు కూడా చాలా ప్లాన్లలో ఇస్తున్నారు. అడగకుండానే నెలనెలా పంపేస్తుంటే మాత్రం ప్లాన్ నుంచి వచ్చే ఈవోబీ కాగితం (బిల్లు ఎంత, ఎవరు ఎంత కట్టాలన్న వివరం) చూస్తూ ఉండండి. "పేషెంట్ రెస్పాన్సిబిలిటీ" అన్నచోట సున్నా ఉండాలి.

మీరు ఉద్యోగంలో చేరతానన్నారు కాబట్టి ఇది కూడా: 2022 డిసెంబరు 29న పంప్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. బిడ్డకు ఏడాది నిండేవరకు, అవసరమైనప్పుడల్లా పాలు తీసుకోవడానికి ఆఫీసు మీకు విరామం ఇవ్వాలి. బాత్‌రూమ్ కాని, ఎవరూ రాని, ఎవరికీ కనిపించని చోటు చూపించాలి. యాభై మంది కన్నా తక్కువ ఉద్యోగులున్న సంస్థలకు, మరీ కష్టమని చూపించగలిగితే, కొంత మినహాయింపు ఉంది. సెలవు మీద వెళ్లే ముందే హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టేయండి, తిరిగొచ్చిన రోజు ఇబ్బంది పడరు. తీసిన పాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంటాయని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టడం మొహమాటంగా ఉంటే చిన్న కూలర్ బ్యాగ్, ఐస్ ప్యాక్ సరిపోతాయి.

ఇన్ని చేసినా క్లెయిమ్ తిరస్కరిస్తే? మొదట ఈవోబీలో కారణం చదవండి. ఎక్కువసార్లు అది కోడ్ తప్పు, లేదా ప్రిస్క్రిప్షన్ జతచేయకపోవడం. అలాంటిది సప్లయర్‌కు చెబితే సరిచేసి మళ్లీ పంపుతారు, మీరు పోట్లాడాల్సిన అవసరమే ఉండదు. నిజంగానే "కవర్ కాదు" అంటే రాతపూర్వకంగా అప్పీల్ చేయండి, తిరస్కరణ అందిన రోజు నుంచి 180 రోజుల గడువు ఉంటుంది. ఉత్తరంలో కోపం, కథ అక్కర్లేదు. హెచ్‌ఆర్‌ఎస్‌ఏ ఉమెన్స్ ప్రివెంటివ్ సర్వీసెస్ మార్గదర్శకం ప్రకారం డబుల్ ఎలక్ట్రిక్ పంప్ ఖర్చు లేకుండా ఇవ్వాలని, మీ ప్లాన్ గ్రాండ్‌ఫాదర్డ్ కాదని, ఫలానా తేదీన ఫలానా రిఫరెన్స్ నంబరుతో మీకు ఇలా చెప్పారని నాలుగు వాక్యాలు చాలు. మీవారి హెచ్‌ఆర్ బెనిఫిట్స్ వాళ్లకు ఒక కాపీ పెట్టండి. సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లలో డబ్బు కట్టేది వాళ్లే కాబట్టి వాళ్ల ఒక్క ఫోన్‌తో పని అయిపోవడం చూశాను. అప్పటికీ కదలకపోతే, ఎంప్లాయర్ ప్లాన్ల విషయంలో అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని ఈబీఎస్‌ఏ విభాగం ఉచితంగా సాయం చేస్తుంది, నంబరు 1-866-444-3272. సొంతంగా కొనుక్కున్న ప్లాన్ అయితే మీ టెక్సస్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

చివరగా మీ స్నేహితురాలి సంగతి. ఆమె కొన్న షాపు నెట్‌వర్క్‌లో లేకపోతే ఆ బిల్లు తిరిగి రావడం కష్టమే. కానీ నెట్‌వర్క్‌లో సప్లయర్లు ఎవరూ లేరనో, ఎక్కడైనా కొనుక్కోవచ్చనో ప్లాన్ వాళ్లే ముందు చెప్పి ఉంటే దాన్నిబట్టి అప్పీల్ చేయవచ్చు. ఆ కాల్ రికార్డు చూడమని అడగమనండి. అది కాకపోయినా, ఎఫ్‌ఎస్‌ఏ లేదా హెచ్‌ఎస్‌ఏ ఉంటే రసీదు పెట్టి ఆ డబ్బు తీసుకోవచ్చు. ఇన్సూరెన్స్ నుంచి డబ్బు రాలేదంటే ఆమె పంప్ హక్కు ఇంకా అలాగే ఉందన్నమాట. ఇంకా పాలిస్తుంటే నెట్‌వర్క్ సప్లయర్ దగ్గర ఇప్పుడు కూడా ఒకటి తెప్పించుకోవచ్చు, ఒకటి ఇంట్లో, ఒకటి ఆఫీసులో పెట్టుకుంటే రోజూ మోసే పని తప్పుతుంది. మీ ప్లాన్ వాళ్లు ఏమన్నారో, కోడ్ చెప్పి అడిగాక ఇక్కడ రాయండి. ఈవోబీ అర్థం కాకపోతే పేరు, మెంబర్ నంబరు చెరిపేసి కారణం ఉన్న లైను మాత్రం పెట్టండి, చూసి చెబుతాను.